పీఏసీ ఛైర్మన్‌ను ఎవరు ఎన్నుకుంటారు? ఎవరు నియమిస్తారు? ప్రతిపక్షానికి ఉన్న హక్కు ఎంత?

2024 సెప్టెంబరులో శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరికెపూడి గాంధీ తెలంగాణ శాసనసభ ప్రజా పద్దుల సంఘానికి (పబ్లిక్ అకౌంట్స్ కమిటీ, పీఏసీ) ఛైర్మన్ అయ్యారు. బీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచిన ఆయన అంతకు రెండు నెలల ముందే కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ప్రతిపక్షానికి దక్కాల్సిన పదవిని పార్టీ ఫిరాయించిన వ్యక్తికి ఎలా ఇస్తారని బీఆర్ఎస్ మండిపడింది. సభా రికార్డుల ప్రకారం ఆయన ఇప్పటికీ బీఆర్ఎస్ సభ్యుడే కదా అని అధికార పక్షం బదులిచ్చింది.

అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో గొడవ మరో రూపంలో వచ్చింది. పీఏసీ సభ్యత్వానికి వైసీపీ తరఫున పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు. పోలింగును ఆ పార్టీ బహిష్కరించింది. శాసనసభ కోటాలోని తొమ్మిది స్థానాలూ కూటమికే దక్కాయి. జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు.

ఈ రెండు ఘటనల తర్వాత టీవీ చర్చల్లో వినిపించిన మాటలు ఒకదానికొకటి పొసగలేదు. ఛైర్మన్‌ను సభ్యులు ఎన్నుకుంటారని ఒకరన్నారు. స్పీకర్ ఇష్టమని ఇంకొకరు అన్నారు. ప్రతిపక్ష నేత హోదా లేని పార్టీకి ఆ పదవి అడిగే హక్కే లేదని మరొకరు తేల్చేశారు. కమిటీలో సభ్యుడు కావడం ఒక మెట్టు. ఆ సభ్యుల్లోంచి ఛైర్మన్ కావడం ఇంకో మెట్టు. మొదటిదాన్ని లెక్క నిర్ణయిస్తుంది, రెండోదాన్ని స్పీకర్ నిర్ణయిస్తారు. ఈ రెండింటి మీదా సంప్రదాయం అనే మూడోది పనిచేస్తుంది. చర్చల్లో ఈ మూడూ కలిసిపోవడం వల్లే ఇంత అయోమయం.

పద్దుల సంఘం చేసే పని

ఒక శాఖకు ఈ ఏడాది వంద కోట్లు కావాలని ప్రభుత్వం సభను అడిగిందనుకుందాం. సభ ఒప్పుకుంది. ఏడాది గడిచాక చూస్తే ఖర్చు నూట ముప్పై కోట్లు తేలింది. ఆ పైనున్న ముప్పై కోట్లకు సభ అనుమతి లేదు. అలా ఎందుకైంది? ఎవరి నిర్ణయం? బిల్లులు, రశీదులు ఉన్నాయా? వీటిని మొదట పట్టుకునేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్. రాజ్యాంగంలోని 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదిక కేంద్రంలో పార్లమెంటు ముందుకూ, రాష్ట్రాల్లో శాసనసభ ముందుకూ వస్తుంది. వందల పేజీల ఆ నివేదికను సభ మొత్తం కూర్చుని చదవలేదు. సభ తరఫున ఆ పని చేసేదే పీఏసీ. సంబంధిత శాఖ కార్యదర్శిని పిలిచి, కాగ్ అధికారుల సాయంతో ప్రశ్నించి, సభకు నివేదిక ఇస్తుంది.

విధానం మంచిదా చెడ్డదా అన్నది పీఏసీ పరిధిలోకి రాదు. డబ్బు సభ చెప్పిన పనికే వెళ్లిందా, సక్రమంగా వెళ్లిందా అన్నదే దాని ప్రశ్న. సంఘం సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు కానీ, వాటి మీద ఏ చర్యలు తీసుకున్నదీ ప్రభుత్వం తిరిగి చెప్పాలి.

ఇందులో ఛైర్మన్ చేతిలో ఉన్నదేమిటి? ఏ అంశాన్ని ముందు చేపట్టాలి, సమావేశం ఎప్పుడు, ఏ అధికారిని పిలవాలి, ముసాయిదా ఎలా ఉండాలి అన్నవాటిలో ఆయన మాటకే బరువు ఎక్కువ. ఓట్లు సమానంగా చీలితే నిర్ణాయక ఓటు కూడా ఆయనదే. వందల పేరాల కాగ్ నివేదికలోంచి పది పేరాలు ఎంచుకుంటే మిగిలినవి అటకెక్కుతాయి. కాబట్టి ఎంచుకునే చెయ్యి ఎవరిదన్నది చిన్న విషయమేమీ కాదు.

మొదటి మెట్టు: సభ్యత్వం లెక్క

పార్లమెంటు పీఏసీలో 22 మంది ఉంటారు. 15 మందిని లోక్‌సభ, ఏడుగురిని రాజ్యసభ పంపుతాయి. గడువు ఒక్క ఏడాది. మంత్రులు సభ్యులు కాకూడదు. ఆంధ్రప్రదేశ్ పీఏసీలో శాసనసభ నుంచి తొమ్మిది మంది, మండలి నుంచి ముగ్గురు ఉంటారు. తెలంగాణలోనూ శాసనసభ వాటా తొమ్మిదే. ఎన్నిక దామాషా పద్ధతిలో, బదిలీ ఓటుతో జరుగుతుంది. అంటే ప్రతి సభ్యుడికీ ఒకే ఓటు ఉంటుంది. బ్యాలెట్ మీద తన మొదటి ఎంపిక, రెండో ఎంపిక అంటూ అంకెలు వేస్తాడు. గెలుపుకు కావలసినన్ని ఓట్లు దాటిన అభ్యర్థి దగ్గర మిగిలినవి తర్వాతి ఎంపికకు వెళతాయి. రాజ్యసభ ఎన్నికల్లో వినే పద్ధతి ఇదే.

గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలి? స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో మొత్తం ఓట్లను భాగించి, వచ్చిన దానికి పైనున్న పూర్ణసంఖ్య తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175 ఓట్లు, 9 స్థానాలు. 175ను పదితో భాగిస్తే 17.5. కాబట్టి 18 కావాలి. పద్దెనిమిదేసి ఓట్లు తొమ్మిది మందికే రాగలవు, పదో వ్యక్తికి రావాలంటే 180 ఓట్లు ఉండాలి. అందుకే ఆ సంఖ్య.

ఇప్పుడు 2019 నాటి లెక్క చూడండి. టీడీపీకి 23 మంది ఎమ్మెల్యేలు. 18 కంటే ఎక్కువే. ఎవరి దయా లేకుండానే ఒక స్థానం వస్తుంది. ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ఛైర్మన్ అయ్యారు. 2024లో వైసీపీకి ఉన్నది 11 మంది. పద్దెనిమిదికి ఏడు తక్కువ. కూటమికి 164 మంది ఉన్నారు. తొమ్మిది స్థానాలకు 162 ఓట్లు చాలు. అంటే కూటమి సభ్యులు పద్ధతిగా ఓట్లు పంచుకుంటే ఒక్క స్థానం కూడా బయటికి పోదు. వైసీపీ పోలింగుకు వెళ్లినా ఫలితం మారేది కాదు.

తెలంగాణ లెక్క వేరు. 119 ఓట్లను పదితో భాగిస్తే 11.9, కాబట్టి 12 కావాలి. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ 39 స్థానాలు గెలిచింది. కంటోన్మెంట్ ఉప ఎన్నికలో ఓడిపోయాక 38. ఆ లెక్కన మూడు స్థానాలకు సరిపడా బలం ఉంది. ఆ పార్టీ నుంచి మూడు నామినేషన్లు పడింది అందుకే: హరీశ్‌రావు, వేముల ప్రశాంత్‌రెడ్డి, గంగుల కమలాకర్. కానీ అప్పటికే పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లిపోయారు. మిగిలిన 28 మందితో రెండు స్థానాలే సాధ్యం. గాంధీని ఏ ఖాతాలో లెక్కపెట్టాలన్నది వివాదానికి మూలం. చివరికి కమిటీలో హరీశ్‌రావుకు చోటు దక్కలేదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చాలాసార్లు నిజంగా పోలింగు జరగదు. పార్టీల శాసనసభాపక్షాలు మాట్లాడుకుని, ఎన్ని స్థానాలో అన్నే నామినేషన్లు వేస్తాయి. అందరూ ఏకగ్రీవంగా ఎన్నికవుతారు. దామాషా లెక్క ఆ బేరంలో వెనకాల నిలబడి ఉంటుంది, అంతే.

రెండో మెట్టు: స్పీకర్ నియామకం

సభ్యులు తేలాక ఛైర్మన్ కోసం మళ్లీ ఓటింగు ఉండదు. లోక్‌సభ నిబంధనల్లో 258వది ఈ సంగతి చెబుతుంది: కమిటీ సభ్యుల్లోంచి ఒకరిని స్పీకర్ ఛైర్మన్‌గా నియమిస్తారు. డిప్యూటీ స్పీకర్ ఆ కమిటీలో ఉంటే ఆయనే ఛైర్మన్. ఇంతే. ప్రతిపక్షం అనే మాట అక్కడ కనిపించదు. శాసనసభల్లోనూ నియామకం స్పీకర్ చేతిలోనిదే.

దీని వల్ల రెండు విషయాలు తేలుతాయి. సభ్యుడు కానివాడిని స్పీకర్ కోరుకున్నా ఛైర్మన్‌ను చేయలేరు. సభ్యుల్లో ఎవరిని ఎంచుకున్నా నిబంధన ఉల్లంఘన జరిగినట్టు చెప్పడం కష్టం. సభా వ్యవహారాల్లో పద్ధతి తప్పిందన్న కారణంతో కోర్టులు జోక్యం చేసుకోకూడదని 122, 212 అధికరణాలు చెబుతున్నాయి కూడా.

మిగతా కమిటీల సంగతీ చెప్పి ముందుకు వెళదాం. పార్లమెంటులో శాఖల వారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి. పదహారింటికి లోక్‌సభ స్పీకర్, ఎనిమిదింటికి రాజ్యసభ ఛైర్మన్ అధ్యక్షులను నియమిస్తారు. అక్కడ సభ్యులది కూడా నియామకమే. పార్టీల బలాన్ని బట్టి ఎవరికి ఎన్ని అధ్యక్ష పదవులో ముందే మాట్లాడుకుంటారు. 2024లో గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల సంఘం ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డికీ, రైల్వే సంఘం అనకాపల్లి ఎంపీ సీఎం రమేశ్‌కూ వచ్చింది ఈ పంపకంలోనే. ఏ పార్టీకి ఎన్ని అన్నదానితో పాటు ఏవి అన్నదాని మీదా పేచీ ఉంటుంది. 2022లో హోం, ఐటీ సంఘాల అధ్యక్షత కాంగ్రెస్ చేజారింది. తృణమూల్‌కు ఒక్కటీ దక్కలేదు. స్థాయీ సంఘాల పంపకం ఇలా ఎటైనా మారుతుంది. పీఏసీ ఛైర్మన్ పదవి మాత్రం ఢిల్లీలో 1967 నుంచి ప్రతిపక్షం దగ్గరే ఉంటూ వస్తోంది.

సంప్రదాయం ఎక్కడి నుంచి వచ్చింది

పీఏసీ మన దేశంలో 1921లో మొదలైంది. బ్రిటిష్ కాలంలో దానికి ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే, అంటే ఆర్థిక శాఖ చూసే వ్యక్తే అధ్యక్షుడు. ఖర్చు పెట్టేవారే లెక్కలు చూసుకున్నారన్నమాట. 1950లో అది స్పీకర్ ఆధీనంలోని పార్లమెంటరీ కమిటీ అయింది. అయినా 1967 వరకు అధికార పార్టీ ఎంపీలే ఛైర్మన్లు. ఆ ఏడాది స్వతంత్ర పార్టీ నాయకుడు మినూ మసానీకి పదవి ఇవ్వడంతో ఆనవాయితీ మొదలైంది. తర్వాత వాజపేయి ఆ కుర్చీలో కూర్చున్నారు. జనతా ప్రభుత్వ కాలంలో, 1978-79లో, పీవీ నరసింహారావు కూర్చున్నారు.

ప్రతిపక్ష నేత హోదా లేకపోతే పీఏసీ అడగకూడదన్న వాదనకు ఈ చరిత్రలోనే జవాబుంది. 1984 చివర్లో జరిగిన ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ప్రభంజనం ముందు నిలిచి లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైన పార్టీ తెలుగుదేశం. దాని బలం 30. ప్రతిపక్ష నేత హోదాకు సభలో పదో వంతు ఉండాలన్న లెక్కకు అది చాలా తక్కువ. పదిహేను స్థానాల పీఏసీలో ఒక స్థానం సొంతంగా గెలవడానికి కావలసిన సుమారు 34 ఓట్లకూ తక్కువే. అయినా 1985లో పీఏసీ ఛైర్మన్ అయింది కర్నూలు టీడీపీ ఎంపీ ఏరాసు అయ్యపురెడ్డి. నాలుగు వందల పైచిలుకు సభ్యులున్న అధికార పక్షం ఆ రోజు అడ్డుపడలేదు. 2014లో 44, 2019లో 52 స్థానాలతో కాంగ్రెస్‌కు ప్రతిపక్ష నేత హోదా దక్కలేదు. అయినా కేవీ థామస్, మల్లికార్జున ఖర్గే, అధీర్ రంజన్ చౌధురి వరుసగా ఛైర్మన్లయ్యారు. 2024 నుంచి కేసీ వేణుగోపాల్ ఉన్నారు. ఆ హోదాకూ పీఏసీకీ ముడిపెట్టే సంప్రదాయం ఢిల్లీలో లేదు.

రెండు రాష్ట్రాల అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత వైసీపీకి చెందిన భూమా నాగిరెడ్డి ఛైర్మన్ అయ్యారు. 2016లో ఆయన టీడీపీలో చేరారు. అరికెపూడి గాంధీ ఉదంతంలో వినిపించిన వాదనే అప్పుడూ వాడుకుని, రికార్డుల్లో వైసీపీయే కాబట్టి కొనసాగవచ్చని అని ఉండవచ్చు. అలా జరగలేదు. పదవి ప్రతిపక్షానికే వెళ్లింది. డోన్ ఎమ్మెల్యే బుగ్గన రాజేంద్రనాథ్ ఛైర్మన్ అయ్యారు.

తర్వాతి కథ పీఏసీ కుర్చీ విలువను చెబుతుంది. 2019లో ప్రభుత్వం మారింది. ఖర్చుల తప్పులు వెతికిన బుగ్గన ఆర్థిక మంత్రి అయ్యారు, పయ్యావుల కేశవ్ పీఏసీ ఛైర్మన్ అయ్యారు. 2021 జులైలో కేశవ్ రాష్ట్రంలో కాగ్ తరఫున ఆడిట్ చేసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం లేవనెత్తిన అభ్యంతరాలను పట్టుకుని గవర్నర్‌ను కలిశారు. సుమారు 41 వేల కోట్ల రూపాయల చెల్లింపులకు సరైన పద్ధతిలో బిల్లులు లేవన్నది ఆయన ఆరోపణ. అవి ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో ప్రత్యేక బిల్లుల పేరుతో నమోదైన సర్దుబాట్లే తప్ప డబ్బు ఎక్కడికీ పోలేదన్నది బుగ్గన వివరణ. ఎవరి మాట నిజమన్నది ఇక్కడ తేల్చడం లేదు. పద్దుల భాష తెలిసిన ఇద్దరు, ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న ఒకరు, అప్పుడు కూర్చున్న మరొకరు, జనం ముందు లెక్కల మీద వాదించుకున్నారు. ఆ 41 వేల కోట్ల ప్రశ్న జనం చెవిన పడిందే ఆ వాదన వల్ల. ఛైర్మన్ అధికార పక్షం మనిషై ఉంటే ఆ ప్రశ్న ఆ గొంతుతో వినిపించేదని నేను అనుకోను. 2024లో కేశవ్ కూడా ఆర్థిక మంత్రి అయ్యారు.

తెలంగాణలో 2019లోనే ఈ ఆనవాయితీకి బీటలు పడ్డాయి. కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో పన్నెండు మంది టీఆర్ఎస్‌లో విలీనం కావడంతో ఏడుగురు సభ్యులున్న మజ్లిస్ రెండో పెద్ద పార్టీగా మిగిలింది. అక్బరుద్దీన్ ఒవైసీ ఛైర్మన్ అయ్యారు. సాంకేతికంగా తప్పు పట్టలేం. మజ్లిస్ అప్పటి ప్రభుత్వానికి మిత్రపక్షంగా మెలిగిందన్నది కాంగ్రెస్ ఫిర్యాదు. 2024లో బీఆర్ఎస్ సంప్రదాయం గురించి మాట్లాడినప్పుడు, అధికారంలో ఉన్నప్పుడు మీరు చేసిందేమిటని కాంగ్రెస్ అడిగింది. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ దాన్ని ఒప్పుకుంటే, ప్రతి ప్రభుత్వమూ ముందటి ప్రభుత్వం చేసిన పనినే తన హక్కుగా చూపించవచ్చు. అప్పుడు ఆనవాయితీ తిరిగి నిలబడే రోజే రాదు.

గాంధీ విషయంలో అధికార పక్షం వాదనకు ఒక చట్టపరమైన ఆధారం ఉంది. ఫిరాయింపు మీద స్పీకర్ నిర్ణయం వచ్చేదాకా ఎమ్మెల్యే ఏ పార్టీ గుర్తు మీద గెలిచాడో ఆ పార్టీ సభ్యుడే. ఆ నిర్ణయం ఎంతకాలం పడుతుందన్నదే చిక్కు. 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ ఫిరాయింపుల పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో స్పీకర్ గాంధీపై ఉన్న పిటిషన్‌ను కొట్టివేశారు. పశ్చిమ బెంగాల్‌లోనూ ఇదే బాట. 2021లో బీజేపీ టికెట్టుపై గెలిచి తృణమూల్‌లో చేరిన ముకుల్ రాయ్‌ను పీఏసీ ఛైర్మన్ చేశారు. ఆయన తప్పుకున్నాక, అలాగే బీజేపీ నుంచి వచ్చిన కృష్ణ కల్యాణిని తెచ్చారు.

ప్రతిపక్ష ఛైర్మన్ ఉంటే సరిపోతుందా

సరిపోదని 2011లో తేలింది. 2జీ స్పెక్ట్రమ్ వ్యవహారంపై అప్పటి ఛైర్మన్, బీజేపీ నేత మురళీ మనోహర్ జోషి ముసాయిదా తయారు చేశారు. కమిటీలో ఉన్న 21 మందిలో 11 మంది దాన్ని వ్యతిరేకించారు. జోషి సమావేశం వదిలి వెళ్లిపోయాక ఆ సభ్యులు కాంగ్రెస్‌కు చెందిన సైఫుద్దీన్ సోజ్‌ను సభాధ్యక్షుడిగా ఎన్నుకుని ముసాయిదాను తిరస్కరించారు. జోషి దాన్ని స్పీకర్ మీరా కుమార్‌కు పంపితే ఆమె తిప్పి పంపారు. దామాషా ఎన్నిక వల్ల కమిటీలో అధికార పక్షానికే ఎక్కువ మంది ఉంటారు. ఛైర్మన్ ప్రశ్నలు అడిగించగలడు, నివేదికను ఆమోదింపజేయడం ఒక్కడి వల్ల కాదు.

దీన్నే కొందరు తిరగేసి చెబుతారు: నివేదికను ఆపే బలం ఎలాగూ అధికార పక్షానికి ఉన్నప్పుడు ఛైర్మన్ పదవి వదులుకోవడానికి భయమెందుకు? నాకు ఈ ప్రశ్న బలమైనదిగానే అనిపిస్తుంది. ప్రతిపక్ష ఛైర్మన్ కమిటీని రాజకీయ వేదిక చేస్తే కమిటీ చీలి, ఏ నివేదికా బయటికి రాదన్నది అవతలి వాదన. 2011 ఉదంతాన్ని రెండు వైపులవారూ తమకు అనుకూలంగా చూపించుకోవచ్చు.

రాసిపెట్టుకున్నవారి పద్ధతి

బ్రిటన్ పార్లమెంటులో పీఏసీ 1861లో పుట్టింది. అక్కడ ఇప్పుడు సంప్రదాయం మీద భారం వేయలేదు. అధికార పక్షానికి చెందినవారు పీఏసీ అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి వీల్లేదని సభా నిబంధనల్లోనే ఉంది. 2010 నుంచి చాలా కమిటీల అధ్యక్షులను సభ మొత్తం రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటోంది. ఏ కమిటీ ఏ పార్టీకో ముందే పంచుకుంటారు. ఆ పార్టీ ఎంపీల్లో ఎవరన్నది మాత్రం అన్ని పార్టీల సభ్యులూ కలిసి తేలుస్తారు. దాంతో గెలిచినవారు తమ పార్టీ విప్‌కు కాకుండా సభకు రుణపడి ఉంటారు. మార్గరెట్ హాడ్జ్ ఆ పద్ధతిలో గెలిచిన తొలి పీఏసీ అధ్యక్షురాలు.

అదే వాక్యాన్ని మన నిబంధనల్లో చేరిస్తే సమస్య తీరుతుందా? బ్రిటన్‌లో ఉన్నట్టు ఒక్క ముక్క సరిపోదు. ప్రభుత్వంలో భాగమైన పార్టీ సభ్యుడు ఛైర్మన్ కాకూడదని రాస్తే, ఉప ముఖ్యమంత్రి పదవి ఉన్న జనసేనకు ఆంధ్రలో అర్హత ఉండదు. గాంధీకి మాత్రం రికార్డుల ప్రకారం అడ్డు ఉండదు. కాబట్టి ప్రతిపక్ష శాసనసభాపక్షం ప్రతిపాదించిన సభ్యుడే ఛైర్మన్ కావాలన్న మాట కూడా చేర్చాలి. ఇన్ని రాసినా పదకొండు మంది ఉన్న ప్రతిపక్షానికి కమిటీలో అడుగుపెట్టే దారి కావాలి. తొమ్మిదిలో ఒక స్థానాన్ని ఓట్ల లెక్కతో పనిలేకుండా అతి పెద్ద ప్రతిపక్షానికి కేటాయించాలి. లేదా అధికార పక్షమే ఒక నామినేషన్ తక్కువ వేసుకోవాలి. కేటాయింపు కోసం నిబంధన సవరించాలి, ఆ సవరణకు సభలో మెజారిటీ కావాలి. రెండో దారికి సవరణ అక్కరలేదు. తొమ్మిది నామినేషన్లకు బదులు ఎనిమిదే వేస్తే చాలు.